ఒట్టు, ఇదే ఆఖరిది

మా ఆయన పోయాక కంప్యూటర్లో ఐదు ఫైళ్ళు మిగిలాయి. వాటికి ఆయన పెట్టిన పేర్లు చూడండి: "ఆఖరిది", "నిజంగా ఆఖరిది", "నిజంగా నిజంగా ఆఖరిది", "ఇంక మార్చను", "ఒట్టు, ఇదే ఆఖరిది". మా బుసాన్‌లో ఆఫీసు పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన ముసలాళ్ళ దాకా అందరూ ఇలాగే పెడతారు. ఆఖరిదాన్ని ఆఖరిదిగా ఉండనిచ్చే అలవాటు మాలో ఎవరికీ లేదు.

నలభై ఏళ్ళు ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసిన మనిషి. రిటైరవగానే కుర్రతనంలో వదిలేసిన గిటారు పిచ్చి తిరగబెట్టింది. చాలదన్నట్టు వీడియోలు కత్తిరించి అతకడం నేర్పుతారని పెద్దల సంక్షేమ కేంద్రంలో క్లాసుకు చేరాడు. నేను బజారులో చేప వడలు అమ్మి ఇంటికొచ్చేసరికి బల్ల మీద మైకు, ఒళ్ళో గిటారు, ఎదురుగా కెమెరా.

"కాటికి కాళ్ళు చాపుకున్నాక ఇవేం వేషాలయ్యా!" అనేదాన్ని. ఆ మాటన్న నాలుక అప్పుడే తెగిపడితే బాగుండేది.

ఆ వేషాలు నా డెబ్భయ్యో పుట్టినరోజు కోసమని ఆయన పోయాకే తెలిసింది. క్లాసు చెప్పే తక్ అనే కుర్ర టీచరమ్మ చెప్పింది. పెళ్ళినాటి నుంచి ఉన్న మా ఫోటోలన్నీ వరసగా కూర్చి, వాటి వెనకాల తానే కట్టిన బాణీ వినిపించాలని ఆయన ఆశట. ఫోటోల పని అయిపోయింది. బాణీ ఒక్కటే మిగిలింది. చెబుతూ ఆ పిల్ల ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఒక్క ముక్క ముందే చెప్పి ఉండొచ్చుగా!

సరే, నేనే పూర్తి చేస్తాననుకున్నాను. సంవత్సరీకం నాటికి ఆ బాణీ మొదటి నుంచి చివరి దాకా ఒక్కసారి మా ఇంట్లో మోగాలి. ఇంక నాకు వేరే కోరిక లేదు. వెళ్ళి టీచరమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"అమ్మగారూ, పై పట్టీ బొమ్మది, కింద పట్టీ చప్పుడుది. గుట్టలు గుట్టలుగా కనిపిస్తోందే, అదే గిటారు. అక్కర్లేని చోట ఈ కత్తెర గుర్తు పెట్టి నొక్కండి."

"నొక్కితే మొత్తం పోదు కదా?"

"పోయినా భయం లేదు. ఈ బాణం నొక్కితే అన్నీ వెనక్కొచ్చేస్తాయి."

"అన్నీ వెనక్కొచ్చేట్టయితే నేనిక్కడెందుకు కూర్చుంటానే పిచ్చిపిల్లా!"

ఆ పిల్ల తల దించుకుంది. నా నోరే అంత, ఏం చెయ్యను.

ముప్పయ్యేళ్ళు చేప వడలు వేలెడేసి ముక్కలుగా కోసిన చెయ్యి నాది. కత్తిరించడం వారంలో పట్టుబడింది. వినడమే చేతకాలేదు.

"ఆఖరిది" తెరిచాను. ఎంత హాయిగా సాగుతోందో బాణీ! కాసేపటికి వంటింట్లోంచి మా మాట్లాడే అన్నం కుక్కరు తన ఆడగొంతుతో, "అన్నం సిద్ధమైంది. బాగా కలపండి," అంది. ఆ వెంటనే నా అరుపు: "అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా?" గిటారు టక్కున ఆగింది. "నీ దుంపతెగ! మళ్ళీ మొదటికొచ్చింది," అంటూ ఆయన నవ్వు.

రెండోదాంట్లో వీధిలో ఉల్లిపాయల బండి, కిటికీలోంచి బండివాడితో బేరమాడుతూ నేను. మూడోదాంట్లో "కాళ్ళెత్తు, ఊడవాలి" అంటూ చీపురుతో కెమెరాకి అడ్డంగా నేను. నాలుగోదాంట్లో మళ్ళీ కుక్కరు, మళ్ళీ నేనే. బాణీ చివరి ముక్క నాలుగింట్లో ఎక్కడా లేదు. కత్తెర అక్కర్లేకుండానే అన్నీ నేనే కోసిపారేశాను.

ఇక ఐదోది. దాని మీద తేదీ చూసి కుర్చీ వెనక్కి జరిపేశాను.

చలికాలానికి సరిపడా కిమ్చీ పచ్చడి పెట్టడానికి ఆ నవంబరులో నేను దేగు ఊళ్ళో ఉన్న మా అమ్మాయి హ్యేరిమ్ ఇంటికి మూడు రోజులకని వెళ్ళాను. రెండో రోజు మధ్యాహ్నం, నా చేతులు మోచేతుల దాకా కారంలో ఉండగా, ఆయన గుండె ఆగిందని ఫోనొచ్చింది. ఈ ఫైలు ఆ రోజు ఉదయానిది. ఇంట్లో నేను లేను. అడ్డుపడే నోరే లేదు. పూర్తి బాణీ ఉంటే ఇందులోనే ఉండాలి. ఉండదేమోనన్న భయంతో చాలా రోజులు దాని జోలికి పోలేదు. సంవత్సరీకానికి రెండు రోజుల ముందు టీచరమ్మ చెయ్యి పట్టుకుని నొక్కాను.

వాయిస్తున్నాడు. మునుపు తెగిన చోట్లన్నీ దాటేశాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నేను తెర దగ్గరికి వంగాను. అంతలో కుక్కరు, "అన్నం సిద్ధమైంది. బాగా కలపండి," అంది.

ఆయన చేతులు ఆగిపోయాయి. అలవాటుగా తలుపు వైపు తిరిగాడు. అటే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కెమెరా వైపు తిరిగి కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

"ఏమిటోనే, హ్యేరిమ్ వాళ్ళమ్మా. నువ్వు అరవకపోతే ముందుకు పోవడం లేదు చెయ్యి. రేపు నువ్వొచ్చాక తీద్దాంలే."

అంతే. నేను బల్ల మీద తలపెట్టి ఏడ్చాను. ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చాను.

టీచరమ్మ నా వీపు నిమురుతూ మెల్లగా అంది, "మొదటి ముక్క తీసుకెళ్ళి చివర అతికిద్దామా అమ్మగారూ? బాణీ పూర్తయినట్టే ఉంటుంది. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుస్తుందిగా తల్లీ. ఆయన ఆపిన చోటే ఆపు. ఆ మాట కూడా కొయ్యకు."

సంవత్సరీకం నాడు చీకటిపడకముందే పూజబల్ల సర్దాం. ఆయన ఫోటో ముందు చేపలు, పళ్ళు, వేడి పులుసు, పొగలు కక్కే అన్నం. అల్లుడు గిన్నెలోని అన్నంలో చెంచా నిలబెట్టాడు. చెంచా నిలబెట్టాక పోయినవాళ్ళు భోంచేస్తారు, అప్పుడు మాట్లాడకూడదు. అందరం తలలు వంచుకున్నాం.

పక్కన కంప్యూటర్లో మా పెళ్ళి, హ్యేరిమ్ బోసినవ్వు, ఓడ ముందు ఆయన, ఒకదాని తర్వాత ఒకటి వెళ్ళాయి. వెనకాల గిటారు. చివర ఆయనే కనిపించాడు. కుక్కరు మాట్లాడింది. ఆయన తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

నా వల్ల కాలేదు. మా ఆచారం మండిపోనీ అనుకున్నాను.

"అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా?" అని అరిచాను.

"అమ్మా!" అంటూ హ్యేరిమ్ నా మీద పడి భోరుమంది.

తెర మీద ఆయన రేపు తీద్దాంలే అన్నాడు. చెయ్యి చాచి కెమెరా ఆపేశాడు. గిన్నెలో చెంచా నిలబెట్టినట్టే ఉంది. చాలాసేపటికి లేచి అన్నాన్ని ముట్టి చూశాను. చల్లారిపోయింది.