పాత లైను మీద సైకిల్

గవరయ్య నౌకరీ ఆ సాయంత్రం అయిదింటితో సరి. ఎనభై ఏడు, జూన్ ముప్పై. మార్చిలో పక్షవాతం వచ్చి అతనికి కుడిపక్క పడిపోయింది. అప్పట్నించీ డాక్టరిచ్చిన కాగితం పుచ్చుకుని కొడుకు సోములు, తండ్రి పనిచేసే ఓడరేవు డాకు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. ఇక పనిచెయ్యలేనని తండ్రి వేలిముద్ర వేస్తే ఆ పని కొడుక్కొస్తుంది. మూడు నెలలపాటు బల్ల మీంచి బల్ల మీదికి పాకిన ఫైలు, ఏ మహానుభావుడు కనికరించాడో, నిన్న హెడ్డుగుమాస్తా పెద్దబాబు దగ్గరికి చేరింది. ఆయన తలైనా ఎత్తలేదు. "మనిషిని తీసుకురా. నా కళ్ళముందు వెయ్యాలి. రేపు అయిదు దాటితే అతను రిటైరైన మనిషి, ముద్ర చెల్లదు" అన్నాడు.

తీరా ఇవాళ దిక్కుమాలిన వాన. వాట్‌గంజ్ వీధుల్లో నడుంలోతు నీళ్ళు. రిక్షావాడు రానన్నాడు, టాక్సీ అజాపజా లేదు. మిగిలింది బస్తీ వెనక పాత డాకు లైను గట్టొక్కటే. దానిమీద గూడ్సుబళ్ళు ఆగిపోయి ఏళ్ళయింది. పట్టాల మధ్య ముళ్ళకంపలు మొలిచాయి, చెక్క స్లీపర్లు ఎవరెవరి పొయ్యిల్లోకో పోయాయి. అయినా గట్టు గట్టే, నీళ్ళకి అందలేదు.

తల్లి మహాలక్ష్మమ్మ మొగుణ్ణి సైకిల్ కారేజీ మీద కూర్చోబెట్టి, తన చీరతో కొడుకు వీపుకి కట్టింది. సోములు పొట్టమీద రెండు ముళ్ళు వేసింది.

గులకరాళ్ళ మీద చక్రం ఎగిరినప్పుడల్లా గవరయ్య మూలిగాడు. సోములుకి తలప్రాణం తోకకొస్తోంది. గట్టుమీద గాలం వేసుకున్న ఆయన్ని "దాదా, టైమెంత?" అని అడిగాడు. నాలుగూ ఇరవై. ఇంకా సగం దారుంది.

"సోములూ," వంకర పోయిన నోటితో అన్నాడు తండ్రి. "నాను నౌకరీలో ఉండగా పోతే ఏ ముద్రా అక్కర్లేదు గదరా. నాతో పనిసేసిన గురువులుగాడు పోతే ఆడి కొడుక్కి అలాగే గదా వొచ్చింది."

"గమ్మునుండయ్యా."

"ఏటి గమ్మునుండేది? నీకు ముప్పై దగ్గిరికొచ్చీసినాయి."

సోములు పెడళ్ళు తొక్కాడు. అతనికి కోపం వచ్చింది తండ్రి అన్న మాటకి కాదు. ఆ మాట మూడురోజులుగా తన కడుపులోనే తిరుగుతోంది, దాన్ని ముసలాడు పైకి అనేశాడు.

కాలువ దగ్గర లైను తెగిపోయి ఉంది. కింద వరదనీరు సుళ్ళు తిరుగుతోంది. దాటడానికి ఎవరో అడుగు వెడల్పు పలక ఒకటి వేశారు. సోములు సైకిల్ అక్కడే పడేసి, చీరకట్టు అలాగే ఉండగా తండ్రిని వీపున మోసుకుని పలకెక్కాడు.

నాలుగడుగులు వేశాడో లేదో, పొట్టమీద వేళ్ళు కదిలాయి. తండ్రి ఎడమచెయ్యి. ఒక ముడి వీడింది. సోములుకి తెలిసింది, కాళ్ళు మాత్రం ఆగలేదు. రెండో ముడిని వేళ్ళు గోళ్ళతో పీకుతున్నాయి. అతను ముందుకే చూస్తూ నడిచాడు. ఇంకో అడుగు, ఇంకోటి. చీర వదులైంది. వీపుమీది బరువు పక్కకి జారింది.

అప్పుడు పట్టుకున్నాడు. మోకాళ్ళమీద కూలబడి, ఒక చేత్తో పలకని, ఒక చేత్తో తండ్రి జబ్బని. గవరయ్య నడుందాకా నీళ్ళల్లో వేలాడుతూ, బాగున్న చేత్తో కొడుకు వేళ్ళని విప్పబోయాడు. సోములు పళ్ళు బిగపట్టి గుంజాడు. పలకమీదికి లాగి, అవతలి ఒడ్డుకి ఈడ్చుకుపోయేసరికి ఎంతసేపు పట్టిందో అతనికి తెలీలేదు.

ఇద్దరూ బురదలో పడి రొప్పుతుండగా డాకులో అయిదింటి సైరన్ మోగింది.

అది ఆగేదాకా గవరయ్య కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కొడుకువైపు తిరిగాడు. కోపంగా కాదు, తెలీక అడిగినట్టే అడిగాడు.

"ముడి ఇప్పినప్పుడు ఊరుకున్నావు. మరెందుకు పట్టుకున్నావురా?"