పదకొండుసార్లు కూలిన చోటు

“ముద్ద కాస్త చిన్నది చెయ్యవే, అలా కుక్కెయ్యకు,” అన్నాడు మొగుడు.

ఆమె ముద్ద చిన్నది చేసింది. ఇరవై రోజులుగా ఇదే పని. ఆయన కుడిచెయ్యి భుజం దాకా కట్టులో ఉంది, పక్కటెముకలు రెండు విరిగాయి. తినిపించడం, ఒళ్ళు తుడవడం, గడ్డం గీయడం, గీశాక అద్దం పట్టుకుని నిలబడి ఆయన పెట్టే వంకలు వినడం, అన్నీ ఆమే. తినడం అయ్యాక ఆయన ఎడం చేత్తో దిండు కింద నుంచి ఒక కాగితం లాగి, “దీనిమీద సంతకం పెట్టు, రేపు పొద్దున విచారణలో ఇవ్వాలి” అన్నాడు. వీధి చివరికెళ్ళి సబ్బు పట్రమ్మన్నంత తేలిగ్గా అన్నాడు.

ఆ కాగితం సంగతి తెలియాలంటే ముందు ఆమె ఉద్యోగం సంగతి తెలియాలి. కొండల్లో చిక్కుకున్నవాళ్ళని హెలికాప్టర్లో దించుకొచ్చే పైలట్లకి శిక్షణనిచ్చే కేంద్రం అది. పెద్ద హాలు మధ్యలో రెక్కల్లేని క్యాబిన్ ఒకటి, దాని చుట్టూ తెరలు, తెరల మీద మంచుకొండలు. భర్త అక్కడ శిక్షకుడు, అవసరమైతే నిజం కొండల్లోకీ వెళ్ళే కెప్టెన్. కాగితాల ప్రకారం ఆమె సహాయకురాలు. మీటలు నొక్కి క్యాబిన్‌ని లేపడం, గాలి ఎంత, మంచు ఎంత, బరువు ఎంత అని అమర్చడం ఆమె పని. కొత్త ప్రయాణమేదైనా తయారైతే పైలట్లని ఎక్కించేముందు శిక్షకుడు తానే నడిపి చూడాలి. పైగా నెలనెలా ఇన్ని గంటలు ఆ క్యాబిన్లో ఎగిరితేనే శిక్షకుడి హోదా నిలుస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు ఆయన, “నా పేరుతో తెరిచి పెట్టాను, కాస్త నువ్వు తిప్పుతూ ఉండు, టీ తాగొస్తా” అని వెళ్ళాడు. ఆ టీ తొమ్మిదేళ్ళయినా పూర్తి కాలేదు.

“నా పేరైతే ఏంటి, నీ పేరైతే ఏంటే? మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏముంటుంది?” అనేవాడు. ఈ వేదాంతం అంట్లగిన్నెల దగ్గర మాత్రం ఒక్కనాడూ వినపడలేదు.

అయినా ఆమె ఎదురు చెప్పలేదు. ఎందుకంటే, దాచుకోవడమెందుకు, ఆమెకి అది ప్రాణం. ఇంట్లో తలుపు గట్టిగా వేసినా తప్పే, మెల్లగా వేసినా తప్పే. ఆ క్యాబిన్లో మటుకు ఎడంచెయ్యి కాస్త పైకెత్తితే భూమి వదిలేస్తుంది. మంచులో నెప్పులు పడుతున్న గర్భిణిని పైకి లాగింది, తెగిపోయిన ఊళ్ళలో పిండి బస్తాలు దించింది, గాయపడ్డ గొర్రెలకాపరిని అంగుళం జాగాలో ఒక్క చక్రం ఆన్చి ఎక్కించుకుంది. అవన్నీ తెర మీది మనుషులే, తెలుసు. అయినా సాయంత్రం ఇంటికొచ్చి గడపలో కాలు పెట్టేసరికి వాళ్ళ బరువు ఆమె భుజాల మీద ఉండేది. “వీడియో గేము ఆడొచ్చినదానికి ఆ ఆయాసం ఏంటమ్మాయ్?” అనేది అత్తగారు. మొగుడు పగలబడి నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేసేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతుంది.

కొండచరియ విరిగి ఒక లోయకి దారి తెగిపోయినప్పుడు, అక్కడికి సరుకులు చేర్చే ప్రయాణాన్ని ముందు క్యాబిన్లో చూడమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మధ్యాహ్నం వేళ, పూర్తి బరువుతో. ఎప్పటిలాగే ఆమే ఎక్కింది. లోయలోకి వెళ్ళడానికి రెండు రాతిగోడల మధ్య ఒకటే సందు. పలచటి గాలి, పైగా ఎండెక్కాక గట్టు మీంచి గాలి కిందికి తొక్కుతుంది. సందు సగందాకా వెళ్ళేసరికి యంత్రం ఎత్తు అందుకోలేదు, వెనక్కి తిరగడానికి జాగా లేదు. కూలిపోయింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ కూలింది. ఎత్తు మార్చింది, వేగం మార్చింది, దేవుణ్ణి తిట్టింది. పదకొండుసార్లు కూలింది. పన్నెండోసారి బరువు సగం చేసి, వేళ పొద్దున ఏడుకి మార్చింది. ఈసారి సందు దాటి, బస్తాలు దించి, క్షేమంగా తిరిగొచ్చింది.

ఆ సాయంత్రమే చెప్పింది. “ఏవండీ, మధ్యాహ్నం వద్దు. పొద్దున్నే సగం సగం రెండుసార్లు వెయ్యండి.” ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, “నీ బొమ్మ హెలికాప్టర్ పడిపోతే కొండలు భయపడతాయా?” అన్నాడు. కాగితం మీద రాసిచ్చింది. ఆయన దాని మీద కాఫీ కప్పు పెట్టాడు.

ఆమె మాట విన్నవాడు ఒక్కడే. హెలికాప్టర్లో వెనకాల కూర్చుని తాడుతో మనుషుల్నీ బస్తాల్నీ దించే పెద్దాయన, అందరికీ తాడు బాబాయి. “నేను చెప్తాలే అమ్మడూ, నా మాట తీసెయ్యడు,” అన్నాడు. చెప్పాడు కూడా. కెప్టెన్ అందరి ముందూ, “బాబాయికి వయసు మీద పడింది, పాపం కాళ్ళు వణుకుతున్నాయి” అన్నాడు. అంత మాట పడ్డాక ఏ మగాడు ఆగుతాడు? మూడోరోజు మధ్యాహ్నం పూర్తి బరువుతో ఇద్దరూ వెళ్ళారు. ఆ సందులోనే తోక రాతిగోడకి కొట్టుకుంది. మొగుణ్ణి బయటికి లాగారు. బాబాయి బస్తాల కింద ఉండిపోయాడు.

బాబాయి భార్య మొన్న ఇంటికొచ్చింది. కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్ళు కూడా ముట్టలేదు. “అమ్మా, బరువు మా ఆయనే లెక్క తప్పి ఎక్కించాడని మీ ఆయన రాసిచ్చారట. నలభై ఏళ్ళు చేసినవాడు అంత తప్పు చేస్తాడా? నీకేమన్నా తెలుసా తల్లీ?” అంది. పక్కగదిలో మొగుడు దగ్గాడు. ఆమె, “తెలీదు పిన్నీ” అంది. ఆ అబద్ధం ఇంకా ఆమె నాలుక మీదే ఉంది.

విచారణవాళ్ళు క్యాబిన్ రికార్డు తీశారు. ప్రమాదానికి మూడ్రోజుల ముందు, అదే సందులో, కెప్టెన్ పేరు మీద పదకొండు కూలుళ్ళు. తెలిసి తెలిసి ఎందుకెళ్ళావని అడిగితే ఏం చెప్తాడు? అందుకే ఈ కాగితం. ‘ఆ పదకొండు ప్రయాణాలూ నావి. హెలికాప్టర్ నడపడం రాని నేను సరదాకి ఆయన పేరుతో ఆడాను. ఈ విషయం ఆయనకి చెప్పలేదు.’

“ఆలోచిస్తావేంటే? నీ ఉద్యోగం పోతే హాయిగా ఇంట్లో ఉంటావు, నాది పోతే?” అన్నాడు మొగుడు.

“కట్టుకున్నవాడి కోసం ఆ మాత్రం మొయ్యలేవా?” అంది అత్తగారు.

తొమ్మిదేళ్ళ ఎగురుళ్ళు ఆయనవి, పదకొండు కూలుళ్ళు మటుకు ఆమెవి! ఎంత చక్కటి పంపకం! ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. భయం కూడా వేసింది. నిజం చెప్తే ఈ ఇంట్లో తనకి చోటుండదు, పుట్టింట్లో అన్నావదినలు చాప పరుస్తారన్న నమ్మకమూ లేదు. పెన్ను తీసుకుంది కూడా. ‘చెప్పలేదు’ అన్న మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాని కింద సంతకం పెడితే బాబాయి హెచ్చరించడం కూడా అబద్ధమైపోతుంది కదా. “రేపు అక్కడే పెడతాను లెండి” అని కాగితం మడిచి, అంట్లు తోమడానికి వెళ్ళింది.

మర్నాడు విచారణ గదిలో మొగుడు చేతికట్టుతో ఒక పక్క, బాబాయి భార్య ఇంకో పక్క. విచారణాధికారి రికార్డు ముందు పెట్టుకుని, “అమ్మా, ఈ పదకొండూ మీవేనా?” అని అడిగాడు.

“నావేనండి.”

మొగుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

“ఆయనకి చెప్పలేదా?”

“చెప్పానండి. రాసి కూడా ఇచ్చాను. బాబాయి కూడా చెప్పాడు. బరువు బాబాయి ఎక్కించలేదు, తగ్గించమని బతిమాలాడు.” రికార్డులో కింది వరస మీద వేలు పెట్టింది. “పన్నెండోది కూడా నాదే. మా ఆయన పేరు మీద తొమ్మిదేళ్ళుగా ఉన్న గంటలన్నీ నావే. ఆ వేళల్లో ఆయన ఎక్కడున్నారో గేటు రిజిస్టర్లో ఉంటుంది, చూడండి. ఆ సందులోకి మా ఆయన మొట్టమొదటిసారి వెళ్ళింది, బాబాయిని ఎక్కించుకుని వెళ్ళిన రోజేనండి.”