అడవిలో రైస్ కుక్కర్

బియ్యం కడిగిన నీళ్లు ఎక్కడ పారబోయాలో తెలియక బాత్రూమ్‌లో ఒంపేశాను. కిటికీ బయట పడమటి కనుమల అడవి, వేసవి జల్లు. అవతల భోజనాల హాల్లో మా ఆయన రమణబాబు టీమంతా హార్న్‌బిల్ పక్షి మీద తీసిన సినిమా చూస్తున్నారు. అమెరికా ప్రాజెక్టు దక్కిందని హైటెక్ సిటీలోని వాళ్ల కంపెనీ కుటుంబాలతో సహా మమ్మల్ని ఈ అడవి లాడ్జ్‌కి తీసుకొచ్చింది. సీతాఫల్‌మండి స్కూల్లో ఏటా నేను పిల్లలకి బోర్డు మీద గీసే పక్షి ఈ హార్న్‌బిల్. గీయడమే కానీ ఎన్నడూ చూడలేదు. ఇందాక నేనూ సినిమా చూస్తుంటే, మగపక్షి పండు తెచ్చి, చెట్టు తొర్రలో ఉన్న ఆడపక్షి నోటికి అందించే చోటికి వచ్చేసరికి మా ఆయన మోచేత్తో పొడిచారు. "దుర్గా, వెళ్లి అన్నం పెట్టెయ్. ఈ రొట్టెలు నావల్ల కాదు."

గదిలో గోడ మీద బోర్డుంది. ఇక్కడి కరెంటు సోలార్‌ది, హీటర్లు, ఇస్త్రీపెట్టెలు వాడకూడదని. వచ్చీరాగానే ఆయనకు చదివి వినిపించాను. "ఇంత చిన్న కుక్కర్‌కి ఏమవుతుందే?" అన్నారు. ఇంట్లో సర్దుతున్నప్పుడే మా అత్తగారు గవరమ్మ, "ఆడికి బయట తిండి పడదమ్మీ. అడివైతే ఏటి, అన్నం అన్నమే కదా" అంటూ దాన్ని నా చీరల మధ్య కుక్కారు. దానికి చోటివ్వడానికి నా బైనాక్యులర్స్ తీసేశాను.

స్విచ్ వేశాను. లాడ్జ్ మొత్తం చీకటైంది.

హాల్లోంచి కేకలు. మెట్ల మీద బూట్ల చప్పుడు. లాడ్జ్ మేనేజర్ ఆర్థర్ గారి టార్చి వెలుగు నా ముఖం మీద పడి, కిందికి దిగి, కుక్కర్ మీద ఆగింది. వెనక టీమంతా. అందరికంటే ముందుకొచ్చింది మా ఆయనే.

"ఏంటి దుర్గా ఇది? అడవికొచ్చినా వంటేనా? వద్దంటే వినదు సార్!"

"పులికి పులిహోరా మేడమ్?" అన్నారెవరో. నవ్వులు.

"సారీ అండీ. నాదే తప్పు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో! కూరలో ఉప్పెక్కువైనా, పాపకి మార్కులు తగ్గినా, ఆయన క్యాబ్ తప్పిపోయినా ఇంట్లో నేననే మాటే. కుక్కర్‌తో దొరికిపోయినందుకు కాదు, ఆ మాట ఎవరూ అడక్కుండానే అన్నందుకు సిగ్గుతో చచ్చిపోయాను. దుప్పటి ముసుగులో కూడా చెవులు కాలుతూనే ఉన్నాయి. పొద్దున్నే హార్న్‌బిల్ గూడు చూడ్డానికి అందరితో ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? మానేద్దామనే అనుకున్నాను.

తెల్లవారాక ఆయన బూట్లు కట్టుకుంటూ, "నువ్వు రాకపోవడమే మంచిదిలే, మళ్లీ నవ్వుతారు. వంటవాళ్లతో మాట్లాడాను, గ్యాస్ ఇస్తారట. మేమొచ్చేసరికి అన్నం వేడిగా ఉంచు" అన్నారు.

కుక్కర్ చంకనెత్తుకుని ఆయన వెనకే నడిచాను. హాలు ముందు అందరూ టీ తాగుతున్నారు. ఆయన టీమ్ లీడ్ బ్యూలా నన్ను చూసి, "ఏందక్కా, కుక్కర్‌కి సుత హార్న్‌బిల్ చూపిస్తరా?" అంది. నా ముఖం మండిపోయింది. మేనేజర్ గారి వైపు తిరిగాను.

"ఆర్థర్ గారూ, రాత్రి స్విచ్ వేసింది నేనే. వెయ్యమన్నది ఈయన."

బ్యూలా నవ్వు ఆగిపోయింది. సిగ్గు నాకింకా తగ్గలేదు. దాంతోనే కుక్కర్‌ని మా ఆయన చేతుల్లో పెట్టాను.

"బియ్యం సూట్‌కేసులో ఉన్నాయండీ. గ్యాస్ మీదే పెట్టండి, గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు. నాకూ కలిపి వండండి, గూడు చూసొచ్చేసరికి ఆకలేస్తుంది."