అత్తగారు మరిచిపోయిన మడి

వంటింటి కిటికీ బయట వెదురు గడకి మడిచీర ఆరేయడంతో వసుంధర రోజు మొదలవుతుంది. దేశంకాని దేశంలో, పాసిర్ రిస్‌లో పదో అంతస్తు ఫ్లాటులో మడేమిటని నవ్వుతారని ఆ సంగతి ఎవరికీ చెప్పదు. అత్తగారు తారాదేవికి మతిమరుపు జబ్బు ముదిరింది. కన్నకొడుకు హరికృష్ణని "సార్" అని పిలుస్తోంది. అయినా ఆవిడకి అన్నం మడితోనే వండాలి.

"అమ్మ పరాయివాళ్ళ చేతి వంట ముట్టదు వసూ. నీ చేతి ముద్దయితేనే దిగుతుంది," అంటాడు హరికృష్ణ, అదేదో బిరుదు ఇచ్చినట్టు. ఆ ముద్ద పెట్టడానికే ఆమె సెరంగూన్‌లో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసింది. ఇప్పుడు ఆ ట్యూషన్ సెంటరువాళ్ళే మళ్ళీ రమ్మంటున్నారు. పక్క బ్లాకులో పెద్దవాళ్ళ డేకేర్‌లో చోటు కూడా దొరికింది. "అక్కడ అందరికీ ఒకటే వంటట. అమ్మ పస్తుంటుంది," అని అతను ఆ మాట తుంచేశాడు. రెండుచోట్లా ఇవాళే జవాబు చెప్పాలి.

మధ్యాహ్నం అత్తగారు కంచం తోసేసింది. బతిమాలి బతిమాలి విసిగిపోయి, వసుంధర ఆవిడని కిందికి తీసుకెళ్ళింది. బెంచీమీద పక్కింటి రోకియా ఆంటీ డబ్బా తెరుచుకుని కూర్చుంది. లోపల కొబ్బరికోరు అద్దిన ఆకుపచ్చటి ఉండలు. "మకాన్, మకాన్," అని తన భాషలో తినమంటూ ఒకటి అందించింది. "వద్దు ఆంటీ, ఆవిడ తినరు," అని వసుంధర ఇంగ్లీషులో చెప్పేలోపే తారాదేవి నోట్లో వేసేసుకుంది. ఉండలోంచి బెల్లం పాకం గడ్డంమీదికి కారింది. ఇంకోటి కావాలని చెయ్యి చాపింది.

వసుంధరకి ఒళ్ళు మండింది. పెళ్ళయిన కొత్తలో, తను ముట్టుకుందని గిన్నెడు పప్పు పారబోయించిన మనిషి ఈవిడేనా! ఇన్నేళ్ళ చాకిరీ ఎవరికోసం చేసినట్టు?

"బావుందే పిల్లా, నువ్వూ తిను," అంటూ అత్తగారు సగం కొరికిన ఉండ ఆమె నోటికి అందించింది. దాంతో కోపం కాస్తా ఏడుపైపోయింది. తడిచీరలో వణుకుతూ వండి, అందరూ తిన్నాక మిగిలింది తిన్న మనిషి. పాపం, ఈవిడకి మాత్రం ఎవరు ఏం పెట్టారు కనుక! వసుంధర ఆ ఎంగిలి ముక్క తినేసి, అక్కడే కూర్చుని రెండుచోట్లకీ ఫోన్ చేసి సరేనంది.

సాయంత్రం ఇంటికొచ్చిన హరికృష్ణకి జరిగిందంతా చెప్పింది. అతను ఇంతెత్తున లేచాడు.

"అయితే మా అమ్మ మడి మంట గలిపావన్నమాట!"

"అత్తయ్య మడి ఎప్పుడో మరిచిపోయారండీ," అంది వసుంధర. "గుర్తున్నది మీ ఒక్కరికే. రేపట్నించి మీరే మడి కట్టుకుని వండండి."