పసుపు రంగు కింద పగులు

నేను ఒక పరంజా చెక్కను. ఓస్, ఇంతేనా అని మొహం తిప్పుకోకండి. విశాఖలో మీరు తలెత్తి చూసి మెచ్చుకునే ఎత్తైన ఇళ్లన్నీ నాబోటి వాళ్ల మీద నిలబడి కట్టినవే. గృహప్రవేశానికి మాత్రం మమ్మల్నెవరూ పిలవరు!

కోత మిల్లులో పలకనై సింహాద్రి మేస్త్రి చేతికి వచ్చాను. రోజూ నా మీద నిలబడేది తాపీ పనివాడు పైడయ్య. ఎక్కేముందు నన్ను తాకి కళ్లకద్దుకునేవాడు. అతనంటే నాకు ప్రాణం. సేఫ్టీ ఆఫీసరు రూత్ మేడమ్ సంగతి వేరు. పొద్దున్నే వచ్చి నన్ను అటూ ఇటూ తిప్పి చూసేది, సుత్తితో తట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఇన్నేళ్ల సర్వీసు నాది, నాకా పరీక్ష!

ఒక ఆదివారం కూలీలు చెక్కలు దింపుతూ నన్ను పైనుంచి విసిరేశారు. నడుములో పగులు పడింది, ఎవరూ చూడలేదు. మర్నాడు బిల్డరు వస్తున్నాడని మేస్త్రి ఆ సాయంత్రమే మా అందరికీ దట్టంగా పసుపు రంగు కొట్టించాడు. పగులు కనబడకుండా పోయింది. సోమవారం పొద్దున్న పైడయ్య నన్ను ఐదో అంతస్తుకి మోసుకుపోవడానికి భుజానికెత్తుకున్నాడు. అయ్యో, నాకు నోరుంటేనా!

అప్పుడే రూత్ మేడమ్ అడ్డం వచ్చింది. "ఆగండి! ఈ రంగెవరు వేయమన్నారు? పగులుంటే ఎలా కనబడుతుంది?"

"కొత్తవాటిలాగ మెరిసిపోతన్నాయి కదండి మేడమ్! బిల్డరుగారొచ్చే టయానికి పనాపీమంటే ఎలాగండి?" అన్నాడు మేస్త్రి.

ఆమె వినలేదు. జానెడెత్తు ఇటుకల మీద నన్ను పెట్టించి, "అంత నమ్మకముంటే మీరే ఎక్కి గెంతండి" అంది.

మేస్త్రి నవ్వుతూ ఎక్కి గెంతాడు. నేను ఫెళ్లున విరిగాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను. మేస్త్రి చతికిలపడ్డాడు, అందరూ గొల్లున నవ్వారు. పైడయ్య నవ్వలేదు. తలెత్తి ఐదో అంతస్తు వైపు చూశాడు. దాంతో అందరి నవ్వూ ఆగిపోయింది.

"నాకిద్దరు పిల్లలున్నారు మేస్త్రీ" అన్నాడు మెల్లగా.

"తప్పయిపోనాదిరా" అన్నాడు మేస్త్రి. లేచి దుమ్ము కూడా దులుపుకోలేదు.

ఇప్పుడు నేను రెండు ముక్కలై పాత సామాన్ల కుప్పలో పడి ఉన్నాను. దిగులేమీ లేదు. మేస్త్రి మిగతా చెక్కల రంగంతా గీకించేశాడు. రోజూ మేడమ్ తనిఖీ అయ్యాక కూడా, పైడయ్య చెక్క ఎత్తుకోబోతే చాలు, మేస్త్రి కేక ఇక్కడిదాకా వినబడుతుంది.

"ఉండరా పైడయ్యా! ముందు నన్ను గెంతనీ."