బేసిన్ కడగలేదని రాయండి

“చెయ్యి పెట్టి తియ్యరాదు రాజకుమారీ, గంత చూసుడేంది?” అంది మా అత్త, వంటింటి గడప మీద కూర్చుని.

సింకు నిండా నీళ్లు నిలిచిపోయాయి. ముందురోజు ఆదివారం మా ఆడబిడ్డ వాళ్లు వచ్చివెళ్లారు. మటన్ కొవ్వు తెల్లగా పేరుకుంది, దాని మీద ఎర్రగా గుట్కా ఉమ్మి తేలుతోంది. ఉమ్మింది నా భర్త జైపాల్. బయట నల్లా ఉన్నా అతనికి వంటింటి సింకే దగ్గర. మోచేతి దాకా చెయ్యి పెట్టాను. కింది గొట్టం విప్పి, ఎముక ముక్కలు లాగి, వేడినీళ్లు పోసి, తోమి, మళ్లీ బిగించేసరికి డ్యూటీ టైమైంది. తినకుండానే బయలుదేరాను.

“అక్కడ గూడ నువ్వు కడిగేది గవే గద. ఇంట్ల కడిగితే ఏమైతది?” అని నవ్వాడు జైపాల్.

ఆ మాట నిజం కావడమే నన్ను కాల్చింది. మా నాన్న పోశం ముప్పై ఏళ్లు గనిలో బొగ్గు తవ్వాడు. ఊపిరి చెడి ఇక దిగలేనన్నప్పుడు, ఆ ఉద్యోగం అల్లుడి పేర రాయమని ఇంటిల్లిపాదీ ఆయన చుట్టూ చేరారు. “ఆడామెకు బొగ్గుబాయి పనెందుకు మామా?” అని జైపాల్ రోజూ పోరుపెట్టాడు. నాన్న మాత్రం నా పేరే రాయించాడు. “నా బిడ్డ మిషన్ పట్టాలె” అన్నాడు. గని వర్క్‌షాపులో నాతోపాటే చేరిన రఘుపతికి మొదటిరోజే పంపులు విప్పే పానా ఇచ్చారు. నాకు బ్రష్ ఇచ్చారు. ఏడాదిన్నరగా ఆఫీసర్ల గదుల్లో బేసిన్లు కడుగుతున్నాను. ఈ సంగతి నాన్నకు తెలియదు. ఫోన్ చేసినప్పుడల్లా, “ఇయాల ఏ మిషన్ విప్పినవ్ బిడ్డా?” అని ఆశగా అడుగుతాడు. నేను అబద్ధం చెబుతాను.

వర్క్‌షాపులో అడుగుపెట్టగానే ఫోర్‌మన్ జగదీశ్వర్ పిలిచాడు.

“పెద్ద సార్లు వస్తున్నరు. ఆ రూమ్ల బేసిన్ జల్ది కడుగు.”

వెళ్లి చూశాను. టీపొడి, దాని మీద ఎవరిదో కఫం. నా చేతికి పొద్దుటి కొవ్వు వాసన ఇంకా పోలేదు. ఇంట్లో ఉమ్మిన నోరు వేరు, ఇక్కడ ఉమ్మిన నోరు వేరు, కడిగే చెయ్యి మాత్రం నాదే. బ్రష్ అక్కడే పెట్టి వెనక్కి వచ్చాను.

“సార్, నన్ను తీసుకున్నది వర్క్‌షాపు పనికి. నేను పంపుల కాడికి పోత.”

“ఆడపిల్లవని నీడపట్టున అల్కటి పని ఇచ్చినం. అది గూడ చెయ్యకపోతే మెమో ఇస్త.”

“ఇయ్యండి సార్. బేసిన్ కడగలేదని రాయండి. కింద సంతకం పెట్టండి.”

జగదీశ్వర్ కాగితం ముందుకు లాక్కున్నాడు. పెన్ను తీశాడు. కానీ ఆ ఒక్క వాక్యం రాయలేకపోయాడు. రాస్తే, ఏడాదిన్నరగా నాతో ఏం చేయిస్తున్నాడో అతని చేతిరాతలోనే బయటపడుతుంది. నేను కదల్లేదు. చివరికి తల ఎత్తకుండానే, “పో, రఘుపతి దగ్గర నిలబడు” అన్నాడు.

నిలబడలేదు. రఘుపతి పక్కన కూర్చుని, పంపు బోల్టులు ఒక్కొక్కటీ విప్పాను. సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి ఆ పంపు గురించి చెప్పాను. అంతకుముందు చెప్పినవన్నీ అబద్ధాలని కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు దగ్గాడు. “గిన్నొద్దులు ఎందుకు ఊకున్నవ్ బిడ్డా?”

“కోపం రానీకె గిన్నొద్దులు వట్టింది నాయినా” అన్నాను.

ఇంటికొచ్చేసరికి సింకు నిండా అంట్లు, వాటి మీద మళ్లీ ఉమ్మి. తిని, నా కంచం బయట నల్లా దగ్గర కడుక్కున్నాను.

“మరి ఇవన్ని ఎవలు కడుగాలె?” అన్నాడు జైపాల్.

“ఉమ్మినోళ్లు.”

మూడు రోజులు నేను ఆ సింకు వైపు వెళ్లలేదు. రెండోరోజుకే వాసన ముందుగదిలోకి వచ్చింది. నాలుగోరోజు పొద్దున జైపాల్ ముక్కుకు తువ్వాలు కట్టుకుని సింకు కింద కూర్చున్నాడు. గొట్టం పట్టుకుని కాసేపు తంటాలుపడ్డాడు.

“ఇది ఎటు తిప్పాలె?” అని అడిగాడు.

“నాకు గూడ ఎవ్వలూ నేర్పలే” అని, చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాను.