నీడ కూర్చునే వేళ

చొప్పదండి లైన్‌మన్ యెషయా పొద్దున ఏడింటికి ఇన్సులిన్ తీసుకుని, రెండు జొన్నరొట్టెలు తిని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడు. షుగర్ పడిపోయే ముందు అతని నీడ కూర్చునేది. అతను నిలబడే ఉంటాడు. నీడ మాత్రం మోకాళ్లు ముడుచుకుని నేలమీద చతికిలబడేది. మరో పావుగంటకు అతనికి చెమటలు పట్టేవి.

అతను స్తంభం మీదుంటే, కింద తోటి లైన్‌మన్ సంపత్ ఆ నీడను కనిపెట్టుకుని ఉండేవాడు.

"అన్నా, నీడ కూసున్నది. దిగు," అనేవాడు, చాయ్ వచ్చిందని చెప్పినట్టు.

యెషయా దిగి, బెల్లం నోట్లో వేసుకుని, నీడ లేచాక మళ్లీ ఎక్కేవాడు.

ఇబ్బందల్లా మబ్బులతోనే. జూలైలో ఎండలేని ఒక రోజు స్తంభం మీద అతని చేతులు వణికి పట్టు తప్పింది. నడుముకు బెల్టు ఉండబట్టి వేలాడాడు.

"మళ్లొకసారి గిట్లయితే స్తంభం ఎక్కనియ్య. ఆఫీసుల కూసొని ఫోన్లు ఎత్తాలె," అన్నాడు ఇంజినీర్ హనుమండ్లు.

యెషయా రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. భార్య గ్రేస్ అతన్ని కరీంనగర్‌లో డాక్టర్ షాహీన్ దగ్గరికి తీసుకుపోయింది. డాక్టర్ అతని చేతికి షుగర్ కొలిచే రూపాయి బిళ్లంత సెన్సర్ అతికించి, ఫోన్‌లో యాప్ పెట్టింది.

"ఇది అందరికి ఒక్కటే తీరుగ చెప్పది. ఏం తిన్నరు, ఎంత పని చేసిండ్రు, అన్నీ రాస్తే మీ ఒంటిని నేర్చుకుంటది. డోసు మాత్రం నన్నడగకుంట మార్చొద్దు."

"నీడ సంగతి గూడ రాయాల్నా మేడమ్?" అని గ్రేస్ అడిగింది.

"రాయండి. అన్నిటికన్న ముందుగాల చెప్తున్నది అదే గద."

మొదట్లో యాప్ పరాయి మనిషిలా మాట్లాడింది. షుగర్ అంకె డెబ్బైకి దిగాకే మోగేది. అప్పటికే యెషయాకు కాళ్లలో సత్తువ ఉండేది కాదు. గ్రేస్ విసుక్కోకుండా రోజూ రాసింది: తిండి, ఎక్కిన స్తంభాలు, నీడ కూర్చున్న సమయం, లేచిన సమయం. నెల తిరిగేసరికి యాప్ ఒకటి పట్టుకుంది. నాలుగు స్తంభాలు దాటిన రోజు పదకొండింటి తర్వాత అతని షుగర్ గబగబా జారుతోంది. అది చూసి డాక్టర్ పని రోజుల్లో పొద్దుటి డోసు రెండు యూనిట్లు తగ్గించింది.

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. కొమ్మ విరిగి తీగల మీద పడి దవాఖానాకు కరెంటు పోయింది. లైను బంద్ చేయించి యెషయా ఎక్కాడు. అది ఆ రోజుకు ఆరో స్తంభం. కింద నేలంతా తడి, ఎవరికీ నీడ లేదు.

అతని జేబులో ఫోన్, కిందున్న సంపత్‌కూ వినపడేలా పలికింది. "యెషయా గారూ, నీడ కూర్చుంది. దిగండి."

ఒంట్లో వణుకు లేదు, చెమట లేదు. ఒక్క నట్టు బిగిస్తే పని అయిపోతుంది.

"జర ఆగు సంపత్, ఒక్క నట్టే."

"నట్టు యాడికి పోతది అన్నా? దిగు."

దిగాడు. ఫోన్‌లో అంకె తొంభై రెండు, పక్కన బాణం కిందికి చూస్తోంది. బెల్లం నోట్లో వేసుకుంటుండగానే అతని వేళ్లు వణికాయి. సంపత్ అతని చెయ్యి పట్టుకుని, ఒకసారి స్తంభం పైకి చూశాడు.

అంకె పైకి లేచి నిలబడ్డాక యెషయా మళ్లీ ఎక్కి నట్టు బిగించాడు. దవాఖానాలో ఫ్యాన్లు తిరిగాయి.

సాయంత్రం హనుమండ్లు సంగతంతా సంపత్ నోట విన్నాడు. కాసేపు రిజిస్టర్ తిరగేసి, తలెత్తకుండానే అన్నాడు:

"యెషయా, రేపు గంగాధర ఊరి దిక్కు ఏడు స్తంభాలున్నయ్. ఫోన్ చార్జింగ్ పెట్టుకొని రా."